ఎల్లక్క ఇంట్లో మగగొంతు

ఎల్లక్క ఇంటికి ఎవరో మగమనిషి వస్తున్నాడని పోయిన దసరా తర్వాత మా వాడలో చెప్పుకున్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె వీధి తలుపు దగ్గరగా వేస్తుందట. లోపల్నుంచి బొంగురు గొంతు వినిపిస్తుందట. వెనకే ఎల్లక్క నవ్వు. అన్నిటికంటే గట్టి రుజువు బీడీలు. మా ధర్మపురిలో ఆమె అంత వేగంగా చుట్టేవాళ్ళు తక్కువ. అట్లాంటిది ఆమె గంప రోజురోజుకూ తేలికవుతోంది. మనసు పని మీద లేదని ఎదురింటి సత్తమ్మ తేల్చేసింది.

ఎల్లక్కకు యాభై దాటాయి. బొగ్గుబావిలో పనిచేసిన పెనిమిటి జబ్బుపడి పోయాక ఒంటరిగానే ఉంటోంది. పొడుగు మనిషి, గడప దాటాలంటే తల వంచాల్సిందే. నవ్వితే ఒళ్ళో బీడీల చాట కదిలి తంబాకు కింద రాలేది. ఆమెకు చదువు రాదు.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి చాట ముందు కూర్చున్నదాన్ని. నలుగురిలో నాకు మాట పెగలదు. బీడీల కార్ఖానాలో గుమాస్తా నా పేరడిగితే పక్కనున్న ఎల్లక్కే చెప్పేది. మా దొడ్డి, ఆమె దొడ్డి ఒకటే. ఆ రోజుల్లో అవ్వ, అంటే మా అమ్మ, పొద్దున్నే పత్తి ఏరడానికి ఆటోలో వెళ్ళి, చీకటిపడే వేళకు వచ్చేది. ఆమె వెళ్ళగానే నేను చాట పట్టుకుని దొడ్డిదారిన ఎల్లక్క ఇంట్లోకి వెళ్ళేదాన్ని. వీధిలో ఎవరికీ కనిపించేదాన్ని కాదు.

దసరాకు వచ్చిన ఎల్లక్క అక్క కూతురు నవత ఒక నవల మరిచిపోయి కరీంనగర్ వెళ్ళిపోయింది. అట్ట మీద ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఒకే సోఫాలో చెరో పక్కకు మొహం తిప్పుకుని కూర్చున్నారు. వీళ్ళకేమైందో చదివి చెప్పమంది ఎల్లక్క.

ఆద్య, నిహాల్ హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. చెల్లెలి పెళ్ళిలో చుట్టాలంతా నీ పెళ్ళెప్పుడని ప్రాణం తీస్తారని, ఆ పెళ్ళి అయ్యేదాకా నాకు కాబోయేవాడిలా నటించమని ఆద్య అతన్ని అడుగుతుంది. అతను ఒప్పుకుంటాడు. ఒకచోట భోజనాల బంతిలో అందరూ లేచి వెళ్ళిపోయాక, ఆమె విస్తరిలో వదిలేసిన వంకాయ ముక్కలను అతను మాట్లాడకుండా తీసి తన విస్తరిలో వేసుకుంటాడు. అక్కడ బీడీ ఆకు కత్తిరిస్తున్న ఎల్లక్క కత్తెర ఆగింది.

"గిది ఉత్తుత్తిది కాదు పిల్లా," అంది. "నటించేటోడు నలుగురు చూస్తుంటే నటిస్తడు. గప్పుడు ఎవ్వలు చూస్తలేరు గద."

ఆ పేజీ మళ్ళీ చదివించుకుంది.

నిహాల్ మాటలు నేను సన్నగా చదివితే ఆమెకు నచ్చేది కాదు. మగవాడి మాట మగవాడిలాగే ఉండాలనేది. మొదట సిగ్గుతో పుస్తకంలో మొహం దాచుకున్నాను. తర్వాత గొంతు దించి, బొంగురు చేసి చదివాను. ఎల్లక్క నవ్వలేక కళ్ళు తుడుచుకుంది. వాడకు వినిపించింది అదే.

అప్పటికి అవ్వ నాకు మంథని సంబంధం చూస్తోంది. పెళ్ళి కావలసిన పిల్ల ప్రేమకథలు చదువుతోందని తెలిస్తే పుస్తకం పొయ్యిలోకి పోతుంది, దొడ్డిదారి మూసుకుపోతుంది. కథలో వాళ్ళిద్దరూ ఇంకా నిజం చెప్పుకోలేదు.

ఒకరోజు కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వరుసలో సత్తమ్మ అందరికీ వినిపించేలా అడిగింది.

"ఏందే ఎల్లక్కా, గంప తేలికైతుంది. ఎవలే ఆయన?"

వరుసంతా ఇటు తిరిగింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఎల్లక్క నా కాలు తొక్కింది.

"ఉన్నడు," అంది. "హైదరాబాద్‌ల నౌకరి. వంకాయ ముక్కలు నాకు పడయంటె ఆయనే తింటడు."

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నావల్ల నీ పేరు పోతోందన్నాను.

"నాకేమన్న సంబంధాలు చూస్తుండ్రా బిడ్డా? గా పిలగాడు ఎప్పుడు నోరు తెరుస్తడో నాకు తెల్వాలె. అప్పటిదాంక నాకు గూడ ఒక ఉత్తుత్తి ఆయన ఉండనీ."

ఆఖరి అధ్యాయం చదువుతున్న మధ్యాహ్నం వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. గడపలో సత్తమ్మ. నా గొంతు నిహాల్ మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె నన్ను చూసింది, పుస్తకం చూసింది, మూలలు వెతికింది. ఎల్లక్క లేవలేదు.

"మెల్లగ కూసో సత్తమ్మా. గిప్పుడే నిజం చెప్తుండు."

సత్తమ్మ నిలబడే ఉంది. ఎల్లక్క నా వైపు చూసి తల ఊపింది. బయటి మనిషి ముందు నేనెప్పుడూ గొంతెత్తలేదు. బొంగురు గొంతుతోనే మిగతా మాట చదివాను. వంకాయ ముక్కలు తీసిన రోజే తను నటించడం మానేశానని నిహాల్ ఆద్యకు చెప్పాడు. సత్తమ్మ ఎప్పుడు కూర్చుందో నేను చూడలేదు.

"గా పిల్ల ఏమన్నది మరి?" అని అడిగింది.

మర్నాడు వరుసలో ఎవరో, ఎల్లక్క ఇంట్లో మనిషిని చూశావా అని సత్తమ్మను అడిగారు.

"చూసిన," అంది సత్తమ్మ. "మంచోడే. జర సిగ్గు ఎక్కువ."

బీడీల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పుస్తకం పట్టుకున్న చేతులు బీడీలు చుట్టలేవు. ఎల్లక్క గంప తేలికైన ఆ రోజుల్లో నా గంప నిండుగానే ఉండేది. అందులో చాలావరకు ఆమె చుట్టినవే.