వయొలెట్ వేళ్ల సారు

మా బాటనీ సారు పోయారని మొన్న పొద్దున పసుపు మార్కెట్ గేటు దగ్గర తెలిసింది. చెప్పినవాడు పేరు చెప్పలేదు. "వయొలెట్ వేళ్ల సారు పోయిండు" అన్నాడు. ఆర్మూరులో అంతకన్నా వివరం అక్కర్లేదు. పసుపు సీజన్లో ఊళ్లో అందరి చేతులూ పచ్చగా ఉంటాయి, ఆయన చేతులు తప్ప.

సారు మైక్రోస్కోపులో కనబడేలా బ్యాక్టీరియాకు వయొలెట్ రంగు వేసేవారు, అది వేళ్లకూ అంటేది. గ్లౌజులు తొడిగితే గాజుపలక చేతికి తెలియదని ఆయన వాదన. రిటైరయ్యాక కూడా ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో అదే పని, అవే వేళ్లు.

ఇంటర్‌లో మాకు కణకవచం పాఠం చెప్పడానికి మార్కెట్ నుంచి ఖాళీ గోనెసంచులు తెచ్చారు. బక్కగా ఉన్నానని నన్ను పిలిచి, ఒకదానిమీద ఒకటి తొడిగించారు. నిలువు దారాలు చక్కెరలు, అడ్డదారాలు వాటిని పట్టి ఉంచే అమైనో ఆమ్లాలు, ఆ నేత పేరు పెప్టిడోగ్లైకాన్. నేను మందపు గోడ ఉన్న బ్యాక్టీరియాను. వయొలెట్ రంగు పట్టాక స్పిరిట్‌తో కడిగినా వదలను. నా పక్కవాడిది పలుచని గోడ, ఒకే సంచి, దానిపైన కొవ్వు పొరకు బదులు నూనె కాగితం. స్పిరిట్ తగిలితే ఆ పొర కరిగి వాడి రంగంతా కారిపోతుంది, తర్వాత వేసే ఎరుపుతో గులాబీగా కనిపిస్తాడు. పాఠం బ్రహ్మాండంగా అర్థమైంది. బెల్ కొట్టగానే సారు వెళ్లిపోయారు, నన్ను విప్పడం మరిచి. ఆ సంచుల్లోని పసుపు దుమ్ముకు సాయంత్రం దాకా తుమ్మాను.

"పేరు తర్వాత. ముందుగాల గోడ సూడు" అనేవారు. మనుషుల విషయంలోనూ అదే మాట.

సారు భార్యను మేం అమ్మగారు అనేవాళ్లం. ఆవిడకు మాత్రం ఆ రంగంటే ఒళ్లు మంట. ఇంట్లో టవళ్లన్నీ పాడయ్యాక ఒక్క తెల్ల టవలును బీరువాలో పెట్టి తాళం వేశారు. చేతులు తెల్లబడితేనే అది ముట్టుకోవాలని షరతు. సారు నిమ్మచెక్క రుద్దుకుని వచ్చి చేతులు చూపించేవారు, ఆవిడ చూసి తాళంచెవి బొడ్లో దోపుకునేవారు.

మొన్నటి ఎన్నికల్లో పోలింగ్ బూత్‌లో సారును ఆపేశారు. వేళ్ల నిండా రంగుందని, ఇదివరకే ఓటేశారని క్లర్కు అనుమానం. అతను శానిటైజర్ పోసి రుద్దాడు. రంగు పోలేదు. అదీ స్పిరిట్ లాంటిదేనని సారు సంబరపడి అక్కడే పాఠం మొదలుపెట్టారు, వెనక లైన్లో మేమంతా ఎండలో మాడాం. ఓటు పోయేలా ఉందని ఆడవాళ్ల లైన్లోంచి అమ్మగారు వచ్చారు.

"గిది ఓటు సిరా కాదు బిడ్డా. గిదే సిరా అయితే మా ఇంట్ల టవళ్లన్నీ ఓటేసినట్టే" అన్నారు.

క్లర్కు నవ్వి లోపలికి పంపాడు. ఆ రంగు తరఫున ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారని సారు నెలంతా అందరికీ చెప్పుకున్నారు. ఇంటికి వెళ్లాక టవలు అడిగితే మాత్రం దొరకలేదట.

నిన్న ఆయనకు స్నానం చేయిస్తుంటే ఎవరో పెద్దాయన సారు వేళ్లను సబ్బుతో గట్టిగా రుద్దబోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మగారు ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపారు.

"రుద్దకుండ్రి. గట్లనే ఉండనియ్యుండ్రి."

లోపల బీరువా తాళం తీసిన చప్పుడైంది. ఆవిడ తెల్ల టవలు తెచ్చి, కింద కూర్చుని, తడి వేళ్లను ఒక్కొక్కటిగా తుడిచారు.