కుడివైపు కనిపించని కిడ్నీ

జనగామ ప్రభుత్వ ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా ఉన్న నన్ను, భూపాలపల్లి జిల్లా అయిన కొత్తలో ఒక వానాకాలం అక్కడికి డిప్యుటేషన్ మీద వేశారు. హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. హోదాదేముంది, స్కానింగ్ మిషన్ ఒక్కటే, క్యూ మాత్రం వరండా చివరిదాకా! ఆ రద్దీలో చీటీ మీద ఏ భాగం రాసి ఉంటే దాన్నే చూసి పంపేవాళ్లం.

ఒక శనివారం చిట్యాల వైపు నుంచి సరోజన అనే రైతు మహిళ, పదో తరగతి చదివే కూతురు శ్రావణిని తీసుకొచ్చింది. తోడుగా ఎదురింటావిడ వచ్చింది. "కడుపుల నొప్పంటది మేడమ్. కిడ్నీల రాళ్లున్నయేమో జర సూడుండ్రి" అంది సరోజన. చీటీలోనూ అదే రాసి ఉంది: కిడ్నీలు, మూత్రసంచి.

ఎడమ కిడ్నీ మామూలుకంటే కొంచెం పెద్దగా ఉంది. కుడివైపు కిడ్నీ ఉండాల్సిన చోట పేగులే కనిపించాయి. పిల్లను పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టమని మళ్లీ చూశాను. లేదు. శిశువులో కిడ్నీ మొదట నడుము కిందే పుట్టి, తర్వాత పైకి ఎక్కుతుంది. ఒక్కోసారి ఎక్కకుండా అక్కడే ఆగిపోతుంది. అక్కడేమైనా ఉందేమోనని ప్రోబ్ కిందికి దించాను. కిడ్నీ దొరకలేదు కానీ గర్భసంచి రెండుగా కనిపించింది. కుడి సగం కింద పాత రక్తం నిండి కొబ్బరికాయంత ఉబ్బు ఉంది.

తల్లి కడుపులో శిశువుకు ముందు తాత్కాలిక కిడ్నీలు ఏర్పడతాయి. కొన్ని వారాలుండి అవి కరిగిపోతాయి. ఈలోపు వాటి నాళం నుంచే అసలు కిడ్నీకి మొలక వస్తుంది. ఆడశిశువులో గర్భసంచి తయారయ్యే గొట్టం కూడా ఆ నాళాన్ని పట్టుకునే కిందికి దిగుతుంది. ఒకవైపు నాళం సరిగా ఎదగకపోతే ఆ వైపు కిడ్నీ రాదు, గర్భసంచి సగాలు కలవవు, ఆ వైపు సగానికి దారి మూసుకుపోయి నెలసరి రక్తం లోపలే నిలిచిపోవచ్చు. రెండో సగం నుంచి నెలసరి మామూలుగానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఎదురింటావిడను బయట కూర్చోమన్నాను. తలుపు పడగానే సరోజన ఏడ్చేసింది. "రాళ్లు గాదు మేడమ్. నెలనెలా నొప్పికి పొర్లుతది. ప్రైవేటు దవాఖానల గడ్డ అన్నరు, గర్భసంచి తీసెయ్యాలె అన్నరు. సోమవారం ఆపరేషన్. తీసేముందు ఇంకోపారి సూపిద్దామని వచ్చిన. దీని కడుపు జూసి ఊర్ల ఏమేమో అంటున్నరు, గందుకే రాళ్లని జెప్పిన."

శ్రావణి నన్నే అడిగింది. "తీసేస్తే నొప్పి పోతదా మేడమ్?"

తీయనక్కర్లేదనుకుంటాను, మూసుకున్న చోట దారి తెరిస్తే చాలు, కానీ ఎంఆర్ఐ తీస్తేగానీ ఖాయంగా చెప్పలేనన్నాను. వరంగల్ పెద్దాసుపత్రిలో నాకు తెలిసిన గైనకాలజిస్టుకు చీటీ రాసిచ్చాను. సరోజన దాన్ని వెంటనే అందుకోలేదు. "ఆగితే గడ్డ పగులుతదన్నరు. మీ మాట తప్పయితే నా బిడ్డ గతేంది?" అంది. చీటీని శ్రావణి చేతిలో పెట్టాను.

ఆదివారమంతా పుస్తకాలు తిరగేశాను. సోమవారం పొద్దున వరంగల్‌కు ఫోన్ చేస్తే వాళ్లు రాలేదన్నారు. మధ్యాహ్నానికీ రాలేదు. ఈపాటికి ఆ పిల్లను ప్రైవేటులో బల్ల ఎక్కించి ఉంటారనే అనుకున్నాను. సాయంత్రమవుతుండగా గైనకాలజిస్టే ఫోన్ చేసింది. దారిలో వాగు పొంగి బస్సు ఆగిపోయిందట, తల్లీకూతుళ్లు ఇప్పుడే దిగారట.

ఎంఆర్ఐలోనూ అదే తేలింది. అడ్డంగా ఉన్న గోడను కోసి దారి తెరిచారు. గర్భసంచి నిలిచింది. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, ఎదురింటావిడకు ఏం చెప్పావని సరోజనను అడిగాను. "రాళ్లు కరిగినయని జెప్పిన" అని మొదటిసారి నవ్వింది.

రిటైరయ్యేదాకా, చీటీలో ఏం రాసి ఉన్నా రెండు కిడ్నీలూ చూడకుండా ఏ ఆడపిల్లనూ బల్ల దించలేదు. ఒకటి లేదంటే గర్భసంచి చూడాల్సిందే. సరోజన ఆ రోజు నిజం చెప్పి ఉంటే చీటీలో 'కింది పొట్ట' అని ఉండేది. నేను కింది పొట్టే చూసి, గడ్డ ఉందని రాసి, సంతకం పెట్టి పంపేదాన్ని.