టైరు చెప్పుల నడక

కోస్గి పక్కన మా చేను గట్టు మీంచి దూకినప్పుడు నా కుడి పాదం రెండు రాళ్ల సందులో ఇరుక్కుంది. నేనొక పక్కకు పడ్డాను, పాదం అక్కడే మెలి తిరిగింది. చీలమండకు ఏమీ కాలేదు. పాదం పైన మాత్రం ఉబ్బింది, అరికాలి నడుమ నల్లగా కమిలింది. గొర్లు కాచే మా ఇళ్లలో ఒక పరీక్ష ఉంది, కాలివేళ్లు ఆడితే ఎముక విరగనట్టే. వేళ్లు ఆడించి చూసుకుని, పసుపు, నూనె పట్టించి, మూడో నాడే మంద వెంట పోయాను. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

ఏళ్లు గడిచేకొద్దీ పాదం వంపు కుంగింది. గుట్ట దిగేటప్పుడు ప్రాణం పోయేది. మెత్తగా ఉంటాయని కొడుకు స్పాంజి చెప్పులు తెచ్చిస్తే నొప్పి రెట్టింపైంది. చివరికి మహబూబ్‌నగర్ దవాఖానకు వెళ్లాను.

"పాదం నడుమ కీళ్లు నువ్వు పడ్డప్పుడే పక్కకు జరిగినయి పెద్దాయనా. ఇప్పుడు అరిగినయి," అంది డాక్టరమ్మ ఎక్స్‌రే చూపిస్తూ. "ఆపరేషన్ సంగతి తర్వాత. ముందుగాల అడుగు వంగని గట్టి చెప్పులు ఏసుకో."

ఇంటికొస్తే కొడుకు అప్పటికే తేల్చేశాడు.

"నీ కాలు పోయింది నాయినా. మంద అమ్ముదాం. సోమవారం బేరగాడొస్తడు."

"యాడికి పోయిందిర? నాకే అతికున్నది!" అని అరిచాను. కోపం కన్నా భయమే ఎక్కువ. మంద లేకుండా పొద్దున లేచి ఏం చేయాలో నాకు తెలియదు.

గట్టి చెప్పులంటే మాకు కొత్తా? మా బాపు జీవితమంతా లారీ టైరు చెప్పులే వేశాడు. మోటుగా ఉన్నాయని వాటిని వెక్కిరించి వదిలేసింది నేనే. చెప్పులు కుట్టే ముసలాయన దగ్గర కూర్చుని ఒక జత చేయించుకున్నాను. టైరుకు పుట్టుకతోనే వంపు ఉంటుంది. పాదాన్ని మడవనివ్వదు, మడమ నుంచి ముందుకు దొర్లిస్తుంది.

సోమవారం పొద్దున్నే దొడ్డి తెరిచి మందను గుట్ట అవతలికి తోలుకుపోయాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి బేరగాడు ఇంకా మంచం మీదే కూర్చుని ఉన్నాడు. గొర్ల వంక కాదు, నా కాళ్ల వంక చూశాడు.

"అమ్మేటోని నడక గిట్లుండదు," అని తువ్వాల దులుపుకుని లేచిపోయాడు.

కొడుకు నీళ్ల చెంబు అందించాడు. "నొప్పి లేదా నాయినా?"

"ఎందుకు లేదు? మందతోటి అది గూడ వస్తది."