పది రోజుల మంట

ఇరవై రెండేళ్లు అడవిలో గార్డుగా తిరిగి రిటైరైన ఆవిడను వేసవి శిబిరంలో పిల్లలు ‘అడవి అత్తయ్య’ అనేవారు. ఒకే అగ్గిపుల్లతో నిప్పు రాజేయడం ఆవిడ వాళ్లకు పది రోజులుగా నేర్పుతోంది. ఎండు పుల్లలు ఏరమని, బెరడు నలిపి పీచు తీయమని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

పిల్లలు నేర్చుకున్నది చూడటానికి తల్లిదండ్రులు వచ్చిన రోజు పొద్దున్నే జల్లు పడింది. పిల్లలు ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. శిబిరం మేనేజరు వాచీ చూసుకుని, కట్టెల మీద కిరోసిన్ గుమ్మరించి లైటర్ వెలిగించాడు. మంట భగ్గుమంది. అందరూ చప్పట్లు కొట్టి ఫొటోలు తీసుకున్నారు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. “ఎందుకండీ అలా చేశారు? ఇంకో పావుగంట ఆగితే వాళ్లే వెలిగించేవాళ్లు కదా!”

“మంట కావాలి, వచ్చింది. ఎలా వస్తే ఏంటమ్మా?” అన్నాడు మేనేజరు.

“అత్తయ్యా, కిరోసిన్ డబ్బా ఉండగా ఇన్నాళ్లూ మమ్మల్నెందుకు ఊదించారు?” అని ఒక పిల్ల అడిగింది.

ఆవిడ విసురుగా వెళ్లి పక్కనే మంట కోసం మరో గుంట తవ్వింది. “రండి, మళ్లీ మొదలెడదాం” అంది. నలుగురే వచ్చారు. వాళ్ల పుల్లలు అంటుకునేసరికి మధ్యాహ్నమైంది. పిల్లలు గంతులేశారు గానీ, ఆవిడ కోపం మాత్రం ఇంటికి బస్సెక్కేదాకా చల్లారలేదు.