తోకకొవ్వులో మాత్ర

కెగెన్ ఊళ్లో ఒరింషా చేతికి చిక్కాక నోరు తెరవని ప్రాణి లేదు. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో చేసిన మనిషి. చేపనూనె పేరు వింటేనే పారిపోయే పిల్లల్ని వరసగా నిలబెట్టి, ముక్కు మూసి, చెంచా దూర్చి, గుటక పడ్డాకగానీ వదిలేది కాదు. ఇప్పుడా పిల్లలకి బట్టతలలొచ్చాయి. అయినా దారిలో ఆవిడ ఎదురైతే పెదవులు వాటంతటవే బిగుసుకుపోతాయి.

పని మానాక ఆ విద్య పిల్లుల మీదికీ కుక్కల మీదికీ మళ్లింది. పిల్లిని పాత తువాలులో చుట్టి చంకలో ఇరికించి, దవడ మూల వేలు పెట్టి, మాత్ర నాలుక వెనక్కి పడేసి, గొంతు నిమిరిందంటే అయిపోయినట్టే. ఊళ్లో ఎవరి పిల్లి మొండికేసినా గంపలో కూర్చోబెట్టుకుని ఆవిడ గుమ్మానికే వచ్చేవాళ్లు. కూలి ఏమీ లేదు, నాలుగు మెచ్చుకోలు మాటలు చాలు. అవి తక్కువైతే మాత్రం మొహం మాడ్చుకునేది.

అలాంటి మనిషికి సొంత కుక్క లొంగలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చంతా గెలిచొచ్చి ఇంట్లో బోర్లాపడింది.

కుక్క పేరు లాషిన్. తాజీ జాతి వేటకుక్క. తాజీని మావాళ్లు కుక్కల లెక్కలో వెయ్యరు, ఇంట్లో మనిషే అంటారు. పొయ్యి పక్కన దానికో పరుపు. పెంచింది ఒరింషా మొగుడు ఔబాకిర్. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఈ ఏడు ఎండాకాలం వెళ్లేసరికి లాషిన్‌కి కడుపులో పురుగులు పట్టి ఎముకలగూడైపోయింది. పశువుల డాక్టరు మూడు మాత్రలు చేతిలో పెట్టాడు.

"పెద్దమ్మా, ఒక్కటి లోపలికి వెళ్తే చాలు. వెళ్లకపోతే మాత్రం ఈ చలికాలం దాటదు. మళ్లీ సరుకు రావాలంటే పదిహేను రోజులు. అప్పటిదాకా ఇది ఉండదు" అన్నాడు.

"నాకా చెప్తున్నావు? నీకు చేపనూనె పోసిందెవర్రా?" అంది ఒరింషా. డాక్టరు పెదవులు బిగించేశాడు.

మొదటి మాత్ర తువాలు పద్ధతిలో ప్రయత్నించింది. తాజీవి పొడుగు కాళ్లు. రెండు చుడితే రెండు బయటికొచ్చాయి. ఆ పెనుగులాటలో మాత్ర ఎగిరి పొయ్యిలో పడింది. రెండోది తోకకొవ్వులో పెట్టింది, మా గొర్రెలకి తోక దగ్గర గడ్డలా పేరుకునే కొవ్వులో. ముక్కని కత్తితో చీల్చి, మాత్ర దూర్చి, బొటనవేలితో నొక్కి మూసింది. లాషిన్ కొవ్వు శుభ్రంగా తిని, మాత్రని నేలమీద పెట్టి, ముక్కుతో ఆవిడ వైపు తోసింది. మీదేదో పడిపోయింది, చూసుకోండి అన్నట్టు. కడిగి పెడితే మళ్లీ అదే మర్యాద. నాలుగోసారికి మాత్ర కరిగి పిండైపోయింది.

ఇక మిగిలింది ఒక్కటి. ఒరింషా ఆ రాత్రి నిద్రపోలేదు. ఊరందరి పిల్లుల నోళ్లూ తెరిపించిన చేతులు కదా ఇవి, ఆయన వదిలి వెళ్లిన ఒక్క జీవాన్ని నిలబెట్టుకోలేవా అని తిట్టుకుంది.

మర్నాడే కూతురు టొర్గిన్ పెళ్లి మాటకి మగపిల్లాడివాళ్లు వస్తున్నారు. పిల్లా పిల్లాడూ ముందే ఇష్టపడ్డారు, పెద్దలు ముద్ర వెయ్యడమే మిగిలింది. ఆ ముద్ర కూడా సంతకంతో పడదు. ఉడికించిన తోకకొవ్వూ కార్జమూ కలిపి వియ్యంకుడి నోట్లో చేత్తో పెట్టాలి. మింగాడా, సంబంధం ఖాయం. ఉమ్మాడా, ఎవరి గుర్రం వాళ్లు ఎక్కాల్సిందే.

ఒరింషా పొద్దున్నే ఆఖరి మాత్రని కొవ్వుముక్కలో దాచి, గిన్నెలో వేసి కిటికీ దగ్గర పెట్టింది. కుక్కకి బాగా ఆకలి వేశాక పెడదామని ఆలోచన. సాయానికి పక్కింటి కుల్‌తాయ్ వచ్చింది. కుల్‌తాయ్ మంచిదే, కానీ ఖాళీ గిన్నె కనబడితే నింపుతుంది, నిండు గిన్నె కనబడితే ఖాళీ చేస్తుంది. పళ్లెం సర్దుతూ కిటికీ దగ్గరున్న ముక్కని కూడా అందులో పడేసింది.

వియ్యంకుడు సేయిత్‌కజీ మూడు మూటలంత మనిషి. నలభై ఏళ్లు గొర్రెలు కాసినవాడు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఒరింషా చేతికందిన కొవ్వూ కార్జమూ కలిపి పట్టుకుని ఆయన నోట్లో కుక్కింది. కుక్కేటప్పుడు బొటనవేలికి ఏదో తగిలింది. ఓ చీలిక, దానిమీద ఓ నొక్కు. సరిగ్గా తన వేలంత నొక్కు.

గబుక్కున కిటికీ వైపు చూసింది. గిన్నె ఖాళీ.

సేయిత్‌కజీ నమలడం ఆపాడు. కనుబొమలు ముడిపడ్డాయి. పాట కూడా సన్నగిల్లింది. ఆ క్షణంలో సంబంధం చెడుతుందన్న భయం ముందొచ్చిందా, మాత్ర పోయిందన్న దుఃఖం ముందొచ్చిందా అంటే, కన్నతల్లి గురించి ఈ మాట అనకూడదు గానీ, మాత్రే ముందొచ్చింది. గుమ్మం పక్కన లాషిన్ డొక్కలు ఎగరేస్తూ అంతా చూస్తోంది.

వియ్యంకుడు మెల్లిగా మళ్లీ నమిలాడు. గుటక వేశాడు. జేబురుమాలుతో మీసం తుడుచుకున్నాడు.

"కొవ్వంటే ఇదీ" అన్నాడు. ఇల్లంతా కేరింతలు. కుల్‌తాయ్ అందరికంటే గట్టిగా పాడింది. ఒరింషా నవ్వింది, అందర్నీ కౌగలించుకుంది, టీ పోసింది. ఆనక ఒక కొవ్వుముక్క ఊరికే చేతిలో పట్టుకుని పెరట్లోకి పోయి, గడ్డివాము చాటున కూర్చుంది. లాషిన్ వెనకే వచ్చి నాలుగడుగుల దూరంలో నిలబడింది.

కాసేపటికి సేయిత్‌కజీ గాలి పీల్చుకునే వంకతో అటే వచ్చాడు.

"ఏమమ్మా వియ్యపురాలా, మా పొట్టలో పురుగులున్నాయని ఎవరు చెప్పారు మీకు?"

ఒరింషా తలెత్తలేదు. "క్షమించండి అన్నయ్యగారూ. కుక్క కోసం దాచింది. పొరపాటున పళ్లెంలోకి వచ్చేసింది. అదే ఆఖరిది. తమరికి హాని ఏమీ ఉండదులెండి. తమరి బరువుకి అదేం సరిపోతుంది?"

ఆయన పకపకా నవ్వి, జేబురుమాలు విప్పాడు. మధ్యలో మాత్ర. అంచులు కాస్త అరిగాయి గానీ చెక్కుచెదరలేదు.

"నలభై ఏళ్లు కాపలాకుక్కలకి ఇదే పెట్టాను. చేదు నాలుకకి తగలగానే పోల్చుకున్నా. కొవ్వు మింగి, దీన్ని దవడన పెట్టుకున్నా" అన్నాడు.

"అచ్చం మా లాషిన్‌లాగే" అంది ఒరింషా. అన్నాక నాలిక కరుచుకుంది.

"అది తెలివైనదన్నమాట. సరేగానీ, ఎలా పెడుతున్నారు దానికి?"

"ఎలా పెడతాం? దాచి పెట్టి, ఎదురుగా కూర్చుని చూస్తాను."

"ఇందాక నాకూ అలాగే పెట్టారు. మీరు ముట్టలేదు, నా దవడనే చూస్తున్నారు. ఎవరికైనా అనుమానం రాదూ? దొంగసొమ్ములా పెడితే కుక్క వాసన చూస్తుంది. మీరు తింటూ పెట్టండి, నా వాటా అనుకుని మింగేస్తుంది."

ఒరింషా చేతిలో కొవ్వుముక్క అలాగే ఉండిపోయింది. ఔబాకిర్ వేట నించి వచ్చి గుమ్మంలో చతికిలబడి, ముక్క సగం కొరుక్కుని, మిగతా సగం లాషిన్ నోట్లో పెట్టేవాడు. ఎంగిలి కుక్కకి పెట్టి చెయ్యి కడుక్కోడని ఆవిడ రోజూ సాధించేది. ఆయన పోయాక ఈవిడ బల్ల దగ్గర తినేది, దాని గిన్నె విడిగా బయట పెట్టేది. శుభ్రంగా, వేళకి, ఏ లోటూ లేకుండా.

ముక్క చీల్చి, మాత్ర దూర్చి, రెండో కొస సగం కొరికి నమిలింది. నములుతూనే మిగతాది చాచింది. లాషిన్ ఆవిడ నోటివంక చూసింది. చేతివంక చూసింది. నాలుగడుగులూ నడిచొచ్చి, ముక్క అందుకుని, ఒక్క గుటకన మింగింది. నేలమీద ఏమీ పెట్టలేదు. ఒరింషా దవడలు వెతికింది, నాలుక కింద చూసింది. ఏమీ లేదు. కుక్క ఆవిడ ఒళ్లో తల పెట్టి, ఇంకో వాటా ఉందా అన్నట్టు చూసింది.

"నాలుగేళ్లు ఒక్కదాన్నే తిన్నాను అన్నయ్యగారూ" అంది ఒరింషా. నోట్లో కొవ్వు అలాగే ఉంది, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. "ఇది గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉండేది. ఆకలనుకున్నాను."

సేయిత్‌కజీ జేబురుమాలు ఇవ్వబోయి, అందులో ఏం చుట్టాడో గుర్తొచ్చి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లోంచి కుల్‌తాయ్ కేక వినబడింది. సేయిత్‌కజీ భార్యకి కూడా కొవ్వు తినిపించాలట, పళ్లెం సిద్ధమట.

"పదండి" అన్నాడాయన. "ఈసారి ముందు మీరొక ముక్క తినండి. మా ఆవిడదీ అనుమానం జాతే."