కిల్కీ తీరం: సర్కాసియన్ పెద్దల ఎదుట ఒక సాయంత్రం

ఈ ప్రయాణం చేపల పులుసుతో మొదలైంది. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో మేం పనిచేసే వైద్య పరికరాల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, నా పక్కన కూర్చునే జాన్సెత్ ముందు డబ్బా మూత తీస్తే వద్దని తల అడ్డంగా ఊపింది. కాకినాడ దాన్ని, నాకు రోషం రాదా! అప్పుడు చెప్పింది. వాళ్లు సర్కాసియన్లు. పందొమ్మిదో శతాబ్దంలో రష్యా సామ్రాజ్యం యుద్ధం చేసి, వాళ్లను కాకసస్ కొండల నుంచి నల్ల సముద్రం మీదుగా టర్కీ వైపు తరిమేసింది. దారిలో ఓడల్లోనే చనిపోయినవాళ్లను నీళ్లలోకే జారవిడిచారు. అందుకే వాళ్లింట్లో చేప తినరు. టర్కీ నుంచి తనను చూడ్డానికి వచ్చిన తల్లి ఇంతవరకూ ఏ సముద్రం దగ్గరికీ వెళ్లలేదట. పోయినవాళ్లను తలుచుకునే మే ఇరవై ఒకటిన, ఒక్కసారి నీళ్ల అంచుదాకా వెళ్లి వాళ్లను పలకరించాలని ఆవిడ కోరిక. “మధ్యలో వెనక్కి తిరిగేస్తుందేమో. మళ్లీ ఇంత దూరం వచ్చే ఓపిక అమ్మకి లేదు,” అంది జాన్సెత్. నాకు కారుంది, తీసుకెళ్తానన్నాను.

మధ్యాహ్నం మూడింటికి బయలుదేరితే ఎన్నిస్, కిల్‌రష్ మీదుగా కిల్కీకి గంటన్నర పట్టింది. తీరం పక్కన బండిలో కాఫీ అమ్మే ఆయన కప్పు అందిస్తూ, “గాలి లేదు, అల లేదు. వెదర్ గ్రాండ్‌గానే ఉంది, కానీ నాకెందుకో నచ్చట్లేదు,” అన్నాడు. నిజమే. పొగమంచులో నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయో తెలియడం లేదు. పెద్దావిడ కోసం తెచ్చిన మడత కుర్చీ ఇసుకలో వేశాను. కూర్చోలేదు.

“మోకాళ్ల నొప్పులు కదా, కూర్చోమను,” అన్నాను.

“కూర్చోదు. పెద్దలున్న చోట మేం కూర్చోం.”

వాళ్లింట్లో తల్లి గదిలోకి వస్తే జాన్సెత్ లేచి నిలబడటం చూశాను. మరి ఇక్కడ ఈవిడకంటే పెద్దవాళ్లెవరు? చుట్టూ చూశాను, ఎవరూ లేరు. తల్లీకూతుళ్లిద్దరూ మంచులోకి చూస్తున్నారు.

నీళ్లు కాస్త దూరంలో ఉండగా ఆవిడ ఆగిపోయి, కూతురి చెయ్యి విడిపించుకుంది. వెనక్కి తిరుగుతుందనే అనుకున్నాం. ఏం చెయ్యాలో తోచక, సముద్రం కనబడితే మనం చేసే పనే చేశాను. ముందుకెళ్లి దోసిట్లో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకున్నాను. అదే ఊపులో వెనక్కొచ్చి ఆవిడ నెత్తినా చల్లేశాను. జాన్సెత్ కెవ్వుమంది. అంతా విని కూడా ఇలా చేశానేమిటని సిగ్గుతో చచ్చిపోయాను. కూతురు తుడవబోతే ఆవిడ ఆ చేతిని పట్టుకుని ఆపి, వాళ్ల భాషలో ఏదో అంది.

“తుడవొద్దంటోంది,” అంది జాన్సెత్. “వాళ్లే ముందు పలకరించారట.”

ఆవిడ ఒక్కతే నీళ్లలోకి దిగింది. మెల్లగా పోయినవాళ్ల ఇంటిపేర్లు పిలుస్తూ, ప్రతి పేరు తర్వాత జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు ఆగింది. ఆగినప్పుడల్లా నీళ్లు ఇంకాస్త పైకి వచ్చాయి. పోటు మొదలైన వేళ అయి ఉంటుంది. నేను మాత్రం ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

అస్థికలు నీళ్లలో కలిపి, స్నానం చేసి ఇంటికొచ్చేస్తాం మనం. ఆ నీళ్లలో ఎవరో నిలబడి మనకోసం చూస్తుంటారని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను. భయంగానే ఉంది, కానీ వెళ్లినందుకు సంతోషంగానూ ఉంది. మీరు వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: తీరంలో ఎవరైనా సముద్రానికి ఎదురుగా మౌనంగా నిలబడి ఉంటే, వాళ్ల వెనక నుంచి నడవండి. ఆ సాయంత్రం అంచు వెంబడే పరుగెత్తుకొచ్చిన ఒక కుక్క కూడా ఆవిడ దగ్గర ఆగి, నీళ్లవైపు కాసేపు చూసి, మా వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్లింది.