ఒక్కసారే చెప్పిన మాట

మా పాస్టరమ్మ ప్రభువునందు నిద్రించిందని పోయిన శుక్రవారం పొద్దున వనపర్తిలో మా ఇంటి పక్క ఎస్టీడీ బూతుకు ఫోన్ వచ్చింది. చెప్పులేసుకుని గద్వాల బస్సెక్కాను. బీచుపల్లి వంతెన దాటేదాకా ఏడుపు రాలేదు. దాటాక ఆపుకోలేకపోయాను.

గద్వాలలో మా చిన్న సంఘానికి ఆమె పాస్టరుగారి భార్య. పెద్దగా చదువుకోలేదు. నిజాన్ని మాత్రం ఎవరి దగ్గరా దాచేది కాదు, కట్టుకున్నవాడి దగ్గర కూడా. ఆయన ప్రసంగం సాగదీసిన ఆదివారం అన్నం వడ్డిస్తూ, "ఇయ్యాల మొదటి అరగంట మస్తు చెప్పిండ్రు" అనేది. ఆయన నవ్వేసి, మరుసటి వారం త్వరగా ముగించేవారు.

నాతో అంత మెత్తగా మాట్లాడలేదు. అప్పట్లో నేను యౌవనస్థుల నాయకుణ్ణి, పైగా నోటిదురుసు. ఒక సాయంత్రం మా సంఘంలోని మేస్త్రీ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. ఇరుగుపొరుగు కూడా వచ్చారు. నేను గొంతెత్తి, "ప్రభువా, ఈ ఇంటి యజమానిని తాగుడు నుండి విడిపించు" అని ప్రార్థించాను. మాలో ఇది మామూలే, మొహాన అనలేనిదాన్ని ప్రార్థనలో పెట్టి అనేస్తాం. ఆమెన్ అనేసరికి మేస్త్రీ లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత భార్యాపిల్లలను కూడా మందిరానికి పంపలేదు.

"నేను అబద్ధమాడలేదు కదమ్మా" అన్నాను పాస్టరమ్మతో.

"అబద్ధమని ఎవరన్నరు? నిజమే. దేవునికి మొరపెట్టినవా, గల్లీల దండోరా ఏసినవా? ఆయిన ముందర కూసొని చెప్పే ధైర్యం లేకపాయె నీకు. నడువ్, పోదాం."

మేస్త్రీ ఇంట్లో తల దించుకుని క్షమాపణ అడిగాను. అతను నా వైపు చూడలేదు. పాస్టరమ్మ పీట లాక్కుని కూర్చుంది.

"కొడుకా, వీడు చెప్పిన తీరు తప్పు. నీ తాగుడు గూడ తప్పే. వీని తప్పు సూపెట్టి నీది దాసుకోకు."

తర్వాత అతని భార్య వైపు తిరిగి, "ఇగ జర చాయ్ పెట్టు బిడ్డా" అంది.

అప్పటినుంచి ప్రతి గురువారం వాళ్లింటికి వెళ్లేది. పిల్లల చదువు, పని ముచ్చట్లే తప్ప తాగుడు మాట ఎత్తేది కాదు. మళ్లీ ఒకసారి చెప్పమని నేనే తొందరపడితే, "ఒక్కసారి చెప్పిన. ఆయినకు చెవులున్నయి" అంది.

ఏడాది పట్టింది. ఒక ఆదివారం మేస్త్రీ కుటుంబంతో వచ్చి వెనక కూర్చున్నాడు. తాగుడు మానేశాడని అప్పటికే అందరికీ తెలుసు. మా పద్ధతి ప్రకారం ముందుకొచ్చి తప్పు ఒప్పుకోమని సంఘ పెద్దలు అతణ్ణి పిలిచారు. పాస్టరమ్మ లేచింది.

"ఆయిన దేవుని దగ్గర ఒప్పుకున్నడు, సాలు. అందరి ముందర ఆయిన పరువు తీసినోడు వీడు. అందరి ముందర వీడే ఒప్పుకోవాలె."

నిలబడి ఒప్పుకున్నాను. చచ్చేంత సిగ్గేసింది. అటువంటి మనిషి చేత చివాట్లు తిన్నానని ఇవాళ గర్వంగా చెప్పుకుంటున్నాను.

సమాధి దగ్గర చాలామంది ఆమె గురించి సాక్ష్యం చెప్పారు. చివరికి మేస్త్రీ ముందుకొచ్చాడు. పదిమందిలో అతను నోరు తెరవడం నేనెన్నడూ చూడలేదు.

"నా తాగుడు తప్పని నా మొహం మీద చెప్పింది ఈ అమ్మ ఒక్కతే. నా ఎనక అననిది గూడ ఈ అమ్మ ఒక్కతే."

వంగి రెండు గుప్పిళ్ల మట్టి తీశాడు. ఒకటి పెట్టె మీద వేశాడు. రెండోది నా చేతిలో పోశాడు.